థార్‌కి ఆన్‌బోర్డ్ కంప్రెసర్: ట్విన్, ట్యాంకు నిజంగా కావాలా?

టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్‌ని బండిలోనే బిగించుకోవడం గురించి మీరు అడిగింది ఇదీ: డీజిల్ థార్ ఫోర్ బై ఫోర్, కంపెనీ ఇచ్చిన 18 అంగుళాల టైర్లే ఉన్నాయి, శని ఆదివారాలు వికారాబాద్ వైపు మట్టిదారులు, వచ్చే వేసవిలో లడఖ్ ప్లాన్. ఫిట్టింగ్ షాపు వాళ్ళేమో "ట్విన్ కంప్రెసర్, 9 లీటర్ల ట్యాంకు లేకపోతే దండగ సార్" అంటున్నారు. సింగిల్ అంటే గాలి కొట్టే పంపు ఒకటి, ట్విన్ అంటే రెండు, ట్యాంకు అంటే ఆ గాలిని దాచే డబ్బా. నా జవాబు ముందే చెప్పేస్తాను. ట్యాంకు వద్దు, ట్విన్ కూడా మీకు అక్కర్లేదు. మంచి సింగిల్ కంప్రెసర్ తీసుకుని, మిగిలే డబ్బులో కొంత వైరింగు మీద పెట్టండి. షాపుల్లో మాటలన్నీ నిమిషానికి ఎంత గాలి కొడుతుందన్న దాని చుట్టూనే తిరుగుతాయి, మనకి ఎంత గాలి కావాలో మాత్రం ఎవరూ లెక్క వేసి చూపించరు. ఆ లెక్క మొదట చూద్దాం.

మీ 255/65 ఆర్18 టైరులో గాలి పట్టే చోటు సుమారు 60 లీటర్లు. పట్టు దొరకాలని మట్టిలో దిగేముందు గాలి 18 పీఎస్ఐకి (పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత) దించారు, రోడ్డెక్కే ముందు మళ్ళీ 32కి తేవాలి, అంటే 14 పీఎస్ఐ తేడా. సముద్ర మట్టం దగ్గర మన చుట్టూ ఉండే గాలి పీడనమే 14.7 పీఎస్ఐ కాబట్టి 14 పీఎస్ఐ పెంచడమంటే దాదాపు ఇంకో టైరు నిండా మామూలు గాలిని లోపలికి తొయ్యడం. టైరుకి 57 లీటర్లు, నాలుగింటికీ కలిపి 230. అంతే, అంతకుమించి ఏమీ లేదు.

ఇప్పుడు కంప్రెసర్ల సంగతి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే నంబరు ఎదురు ఒత్తిడి లేకుండా, అంటే పైపు కొస గాల్లో వదిలేసి కొలిచినది, దాన్ని నమ్మి లాభం లేదు. 30 పీఎస్ఐ దగ్గర ఎంత ఇస్తుందో చూడాలి. ఏఆర్‌బీ కంపెనీ సింగిల్ ఖాళీగా నిమిషానికి 61 లీటర్ల పైన ఇస్తుంది, 29 పీఎస్ఐ దగ్గర 37కి పడిపోతుంది. అదే కంపెనీ ట్విన్ 29 పీఎస్ఐ దగ్గర దాదాపు 130 లీటర్లు ఇస్తుంది. కాబట్టి సింగిల్‌తో టైరుకి ఒకటిన్నర రెండు నిమిషాలు, ట్విన్‌తో అర నిమిషం. నా బండిలో ఉన్నది సింగిలే, పైపు ఒక టైరు నుంచి ఇంకో టైరుకి మార్చుకోవడం, వాల్వు మూతలు తీసి పెట్టడం, మధ్యలో ఎవరో వచ్చి "అన్నా ఇది ఎంతకి తీసుకున్నావ్" అని అడగడం, అన్నీ కలిపి పది నిమిషాల్లోపే అయిపోతుంది. ట్విన్ ఉంటే ఐదు నిమిషాలు. ఆ మిగిలే ఐదు నిమిషాలకి దాదాపు రెట్టింపు ధర పెట్టాలా అన్నది మీ ఇష్టం, నేనైతే పెట్టను.

ట్విన్ ఎవరికి కావాలో కూడా చెప్పాలి కదా. మా గ్రూపులో ఒకతను 33 అంగుళాల టైర్లు వేయించాడు, ఆ టైరు ఒక్కోటి 80 లీటర్ల పైమాటే, 15 దాకా దించుతాడు, పైగా గుంపులో ఎవరి బండికి గాలి కావాలన్నా అతని దగ్గరికే వెళ్తారు. వరసగా నాలుగైదు బండ్లకి కొట్టాలంటే సింగిల్ వేడెక్కి మధ్యలో ఆగుతుంది, అక్కడ ట్విన్ పెట్టుకోవడంలో అర్థం ఉంది. డ్యూటీ సైకిల్ అని రాసేది ఈ సంగతే, మొత్తం సమయంలో ఎంత శాతం నడవగలదో. 100 పీఎస్ఐ మీద ఏఆర్‌బీ సింగిల్‌కి 50 శాతం, ట్విన్‌కి 100, వయెయిర్ కంపెనీ 400సీ మోడల్‌కి 33. అంటే ఆ వయెయిర్ ఆ ఒత్తిడి మీద పావుగంట నడిస్తే అరగంట ఆగాలి. టైర్లకి మనం కొట్టేది 30 చుట్టూనే కాబట్టి అంత ఇబ్బంది రాదు, కానీ పేరూ ఊరూ లేని చవక కంప్రెసర్ల మీద ఈ అంకె అసలు రాయకపోతే దాని అర్థం మీరే ఊహించుకోవచ్చు.

ట్యాంకు సంగతికొస్తే, ఇదే నాకు అన్నిటికంటే చిరాకు. 9 లీటర్ల ట్యాంకుని 145 పీఎస్ఐ దాకా నింపి, టైరులో 32 అయ్యేదాకా వదిలితే బయటికొచ్చే గాలి 70 లీటర్లు కూడా ఉండదు. ఒక టైరుకి సరిపోయి కాస్త మిగులుతుంది. తర్వాతి మూడు టైర్లకీ కంప్రెసర్ మామూలుగానే కొట్టాలి, మళ్ళీ ట్యాంకు నిండాలంటే 100 పైన ఒత్తిడి మీద ఆయాసపడుతూ కొట్టాలి, అక్కడ దాని జోరు ఇంకా తగ్గిపోతుంది. గాలి పుట్టేది కంప్రెసర్‌లోనే కదా, ట్యాంకు కేవలం దాచిపెడుతుంది. ఎయిర్ లాకర్లు (రెండు చక్రాలనీ కలిపి తిప్పేలా గాలితో పడే లాకులు) ఉన్నవాళ్ళకీ, రిమ్ము నుంచి ఊడిన టైరుని ఒక్క ఊపున కూర్చోబెట్టాల్సిన వాళ్ళకీ ట్యాంకు పనికొస్తుంది. మీ వేరియంట్‌లో వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటే అది దానంతట అదే పడుతుంది, గాలితో పనే లేదు. ఇక చాలామంది ట్యాంకు పెట్టించేది ప్రెషర్ హారన్ కోసం, అది ఎలాగూ రూల్స్‌కి విరుద్ధం, చలానా రాస్తారు. పైగా మూడు తలుపుల థార్ డిక్కీలో ఒక పెద్ద సూట్‌కేసు పెడితేనే నిండిపోతుంది, అందులో ట్యాంకు ఎక్కడ పెడతారు?

సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చేవి చాలవా అని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. హైవే మీద పంక్చర్ అయితే ప్లగ్గు వేసి ఒక టైరుకి గాలి కొట్టడానికి చాలు. ఆ సాకెట్ ఫ్యూజు మామూలుగా 15, 20 ఆంపియర్లు ఉంటుంది కాబట్టి ఆ మిషన్లని ఆ ఫ్యూజు తట్టుకునేంతలోనే చేస్తారు, శక్తే తక్కువ, ఎండలో నాలుగు టైర్లు వరసగా కొడితే మూడో టైరుకి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. నిజానికి మధ్య దారి ఇంకోటి ఉంది, చాలామందికి నేను అదే చెప్తాను: బ్యాటరీకి క్లిప్పులు పెట్టి వాడే పెద్ద పోర్టబుల్ కంప్రెసర్. గాలి ఆన్‌బోర్డ్‌కి ఏమీ తీసిపోదు, బండికి ఒక్క రంధ్రం కూడా పెట్టక్కర్లేదు, బండి అమ్మేటప్పుడు చేతిలో పట్టుకుని వెళ్ళిపోవచ్చు. ప్రతిసారీ బానెట్ ఎత్తడం, ఎర్ర దుమ్ములో సంచి విప్పడం, చుట్టిన పైపు చిక్కు తీయడం మాత్రం తప్పదు. నెలకోసారి మాత్రమే వెళ్ళేవాళ్ళయితే ఇక్కడితో ఆగిపోవచ్చు. మీరు ప్రతి వారం వెళ్తున్నారు కాబట్టి ఆన్‌బోర్డ్ అంటున్నాను. గాలి కొట్టడం కష్టమైతే మనిషి గాలి దించడం మానేస్తాడు, 32 మీదే రాళ్ళలోకి వెళ్ళి టైరు పక్క గోడ చింపుకుంటాడు.

పాత జీపుల్లో, ఎంఎం 540 లాంటి వాటిలో, ఇంజిన్ బెల్టుతో తిరిగే ఏసీ కంప్రెసర్‌ని గాలి మిషన్‌గా మార్చుకునేవాళ్ళు ఉన్నారు. గాలి బాగా వస్తుంది, కానీ మామూలు ఏసీ కంప్రెసర్‌కి నూనె గ్యాసుతో పాటే తిరిగి అందుతుంది, గాలి కొట్టేటప్పుడు ఆ దారి ఉండదు, నూనె మనం విడిగా పోయాలి, పోసిన నూనె కాస్తా పైపులోంచి టైర్లలోకి వస్తుంది. యార్క్ రకానికి సొంత నూనె తొట్టి ఉండటం వల్లే పాతకాలం వాళ్ళు దాన్ని వెతికి మరీ కొనేవాళ్ళు. మీ బీఎస్6 బండిలో ఈ ఆలోచన పెట్టుకోకండి.

ఇక వైరింగు. మంచి కంప్రెసర్ కొని నాసిరకం వైరింగుతో దాని గొంతు నొక్కేసిన బండ్లు నేను చాలానే చూశాను. సింగిల్ 20 ఆంపియర్ల చుట్టూ లాగుతుంది, కొన్ని మోడళ్ళు 30 దాకా, ట్విన్ అయితే 50 నుంచి 70. మీరు కంప్రెసర్‌ని డిక్కీ పక్కన పెట్టిస్తే బ్యాటరీ నుంచి 5 మీటర్లు పోను, ఎర్త్ కూడా వైరుతోనే తెస్తే 5 మీటర్లు రాను. ఎలక్ట్రికల్ షాపులో దొరికే ఇంటి వైరు 2.5 స్క్వేర్‌ది (వైరు మందం, చదరపు మిల్లీమీటర్లలో) వేశారనుకోండి, 30 ఆంపియర్ల మీద రెండు వోల్టుల పైనే దారిలోనే పోతుంది, మోటారుకి అందేది 11 చుట్టూ. అది నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువ సేపు తిరుగుతుంది, ఎక్కువ కాలుతుంది. 6 స్క్వేర్ అయితే నష్టం ఒక వోల్టు, 10 స్క్వేర్ అయితే అర వోల్టు. డిక్కీ దాకా అయితే 10 స్క్వేర్, బ్యాటరీ పక్కనే అయితే 6 చాలు. ట్విన్‌కి 16కి తగ్గకూడదు. ఇంటి వైరు తొడుగు మామూలుగా 70 డిగ్రీల దాకానే, బానెట్ కింద నడిచే వైరు 105 డిగ్రీలకి తట్టుకునే ఆటో వైరే వేయమని గట్టిగా చెప్పండి, "అన్నీ ఒకటే సార్" అంటే ఇంకో ఆటో ఎలక్ట్రీషియన్ని చూసుకోండి.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. కంప్రెసర్ దగ్గర పెడితే మధ్యలో ఎక్కడైనా వైరు రాసుకుని బాడీకి తగిలినప్పుడు కాపాడేదేమీ ఉండదు, బండి తగలబడేది అలాంటి చోటే. కరెంటు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) ద్వారా వెళ్ళాలి, డాష్‌బోర్డు స్విచ్‌కి వచ్చేది సన్న వైరు మాత్రమే. కంపెనీ వైర్ల కట్టని (హార్నెస్) కోసి జాయింట్లు వేయనివ్వకండి, వారంటీ గొడవలు అక్కడే మొదలవుతాయి. ఇంకో మాట, సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగిపోయే స్టాప్ స్టార్ట్ బండ్లలో బ్యాటరీ మైనస్ మీద సాధారణంగా ఒక సెన్సర్ ఉంటుంది. ఎర్త్ నేరుగా ఆ మైనస్ స్తంభానికి బిగిస్తే సెన్సర్‌కి తెలియకుండా కరెంటు పోతుంది, బాడీ ఎర్త్‌కి బిగించాలి. గాలి కొట్టేటప్పుడు ఇంజిన్ ఆన్‌లోనే ఉంచండి, ఆక్సిలరేటర్ కాస్త తొక్కి 1,200 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే ఆల్టర్నేటర్ సరిపడా ఇస్తుంది.

ఎక్కడ పెట్టాలి అన్నదానికి, బానెట్ కింద చోటు దొరికితే వైరు పొదుపు, చప్పుడు బయటే ఉంటుంది, కానీ టర్బో, ఎగ్జాస్ట్ ఉన్న వైపు వద్దే వద్దు. వేడి గాలి పలచన, దాన్నే పీల్చి కొడితే ఫలితం తక్కువ, కంప్రెసర్ ఆయుష్షూ తక్కువ. నీళ్ళలో దిగుతారు కాబట్టి ఫిల్టర్ ఎంత పైన ఉంటే అంత మంచిది, కొన్నింటికి ఫిల్టర్‌ని విడిగా పైపు వేసి పైకి తీసుకుపోవచ్చు. నాది డిక్కీ పక్కన ఉంది, దుమ్ము, వేడి రెండూ తక్కువ, చప్పుడుకి మాత్రం వెనక కూర్చున్నవాళ్ళు చెవులు మూసుకుంటారు.

ఫిట్టింగుల్లో రెండే చెప్తాను. కంప్రెసర్ తలలోంచి వచ్చే గాలి బాగా కాలుతుంది, అక్కడ మొదటి మీటరు స్టీల్ జాలీ ఉన్న హోస్ ఉండాలి, నీలం రంగు పీయూ ప్లాస్టిక్ పైపు నేరుగా బిగిస్తే మెత్తబడి ఊడిపోతుంది. రెండోది మరలు. మరల కొలతలు రెండు రకాలు, మన దగ్గర దొరికేవి ఎక్కువగా బీఎస్‌పీ, అమెరికా సరుకుకి ఎన్‌పీటీ. పావు అంగుళం బీఎస్‌పీకి అంగుళానికి 19 మరలు, ఎన్‌పీటీకి 18. చేత్తో తిప్పితే రెండు చుట్లు వెళ్తుంది, సరిపోయిందనుకుని పానాతో బిగిస్తారు, అక్కణ్ణుంచి జీవితాంతం లీకే. కంప్రెసర్ వెంట తీసుకెళ్ళి రాణీగంజ్‌లోనో, విజయవాడ వైపు వాళ్ళయితే ఆటోనగర్‌లోనో సరిపోయేది చూసి కొనండి. బిగించాక సబ్బు నీళ్ళు రాసి చూడండి.

లడఖ్ గురించి అడిగారు కదా. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు, గాలి పీడనం సముద్ర మట్టంలో మూడింట రెండొంతులే. కంప్రెసర్ ఎన్ని లీటర్లు పీల్చినా అందులో సరుకు తక్కువ, కాబట్టి ఇక్కడ రెండు నిమిషాలు పట్టే టైరుకి అక్కడ మూడు, ఖర్దుంగ్ లా లాంటి చోట నాలుగు. పాడైందని కంగారుపడకండి. హైదరాబాద్‌లో 32 పెట్టి బయల్దేరితే అదే వేడి దగ్గర లేహ్‌లో గేజీ 36 పైన చూపించాలి, కానీ చలి వల్ల ప్రతి 10 డిగ్రీలకి ఒకటిన్నర పీఎస్ఐ తగ్గుతుంది, రెండూ చాలావరకు చెల్లుకు చెల్లు అయిపోతాయి. అందుకే అక్కడ లెక్కలు వేయకుండా పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజీ పెట్టి చూసుకుని సరిచేసుకుంటే చాలు. వెళ్ళేముందు ఫిల్టర్ స్పాంజి కడిగి ఆరబెట్టి బిగించండి, ఒక స్పేర్ ఫ్యూజు, ఒక స్పేర్ రిలే డాష్‌బోర్డు అరలో పడేయండి. అక్కడ ఆ సైజు ఫ్యూజు కోసం షాపు వెతకడం కష్టం.