హంటర్ రోడ్డు జూకి పిల్లల్ని తీసుకొస్తున్నవు కదా, ఒకసారి ఇది చదువు

ఝాన్సీ బిడ్డా,

దసరా సెలవులకి పిల్లల్ని, మీ అత్తమ్మని తీసుకుని హన్మకొండ వస్తున్నమని, జూకి కూడా పోతమని చెప్తే మస్తు సంతోషమైంది. హైదరాబాద్ జూ చూసినోళ్లకి ఇక్కడేముంటది అంటరు కొందరు, వాళ్ల మాట పట్టించుకోకు. అది 380 ఎకరాలు, మన కాకతీయ జూ దాదాపు 50, మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మతోని, ఎత్తుకొమ్మని ఏడ్చే చిన్నోడితోని పోయేటప్పుడు ఇదే నయం.

పొద్దున గేటు తీసే టైంకే వచ్చెయ్యండి. ఎండెక్కినంక చిరుత నీడ చూసుకుని పడుకుంటది, ఎలుగుబంటి బయటికి రాదు, పిల్లలేమో ఏం కనిపిస్తలేదని గొడవ. ఇంకోటి, అన్నీ చూసెయ్యాలని ఉరుకకండి బిడ్డా, జంతువు ముందల సెల్ఫీ దిగి ఇంకో దానికాడికి పోవుడు చూసుడు కాదు.

నన్నడిగితే జింకల కాడనే ఎక్కువసేపు నిలబడాలె. చుక్కల జింక మన తెలంగాణ రాష్ట్ర జంతువు అని పెద్దదానికి చెప్పు, స్కూల్ల చదివే ఉంటది. మగదాని కొమ్ములు చూపియ్యి, కొమ్మలు కొమ్మలుగా ఉంటయి, అది ఎముక, ఏటేటా రాలిపోయి మళ్లీ కొత్తవి మొలుస్తయి. కొత్తగా వచ్చేటప్పుడు వాటి మీద మెత్తటి నూగు తోలు ఉంటది, లోపల రక్తం పారుతది, పెరుగుడు అయిపోయినంక ఆ తోలు ఎండి పేలికలు పేలికలుగా ఊడిపోతది, జింక చెట్టుకేసి రుద్దుకుంటది. కృష్ణజింక కనిపిస్తే దానివి మెలికలు తిరిగి ఉంటయి, జన్మల రాలవు. ఏది రాలేది ఏది రాలనిది అని పిల్లల్నే కనుక్కోమను, అర్ధగంట అక్కడి నుంచి కదలరు.

మొసలి నోరు తెరుచుకుని రాయి లెక్క పడి ఉంటది, అది ఒంట్లో వేడి తగ్గించుకునుడు. బతికుందా లేదా అని రాళ్లేసేటోళ్లు ఉంటరు, పిల్లల ముందలనే వద్దని చెప్పు, భయపడకు. జూల జంతువుల్ని సతాయించుడు, తిండి పెట్టుడు 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. చిప్స్ ప్యాకెట్లయితే లోపలికే తేవద్దు, ఉప్పు వాసనకి జింక కవరుతో సహా మింగుతది, ఆ ప్లాస్టిక్ అరగదు, బయటికి రాదు, కడుపుల ఉండలు కట్టి ప్రాణం తీస్తది. నాకు అన్నిటికన్నా బాధయ్యేది ఇదే.

అత్తమ్మకి మెత్తటి చెప్పులు, అందరికీ నీళ్ల సీసాలు, టోపీలు. పిల్లల్ని కంచె మీదికి ఎక్కించి చూపియ్యకండి, భుజాల మీద కూసోబెట్టుకొమ్మను అల్లుణ్ణి. తిరుగుడయినంక భద్రకాళమ్మ గుడి దగ్గరే, కానీ మధ్యాహ్నం గుడి మూస్తరు కాబట్టి సాయంత్రం పోండి.

ఏ రోజు వస్తరో ముందురోజే ఫోన్ చెయ్, జూలకి వారంల ఒకరోజు సెలవుంటది, పండగప్పుడు టైములు మారుతయి, నేను కనుక్కుని చెప్తా.

మీ పెద్దమ్మ