ఉల్కలో దొరికిన విరగని లోహం: నవలలో రాస్తే నమ్ముతారా?

భీమిలి దగ్గర సముద్రంలో పడిన ఉల్కలో కొత్త మూలకం దొరుకుతుందనీ, దాంతో చేసిన డాలు దేనికీ విరగదనీ, ఎంత దెబ్బ పడినా మింగేస్తుందనీ నవల రాస్తున్నానన్నారు. సైన్సు చదివినవాళ్లు నమ్ముతారా అని అడిగారు. డాలును చాలావరకు నమ్మించవచ్చండీ. కొత్త మూలకాన్ని మాత్రం నమ్మించలేరు. నేను ఆంధ్రా యూనివర్సిటీలో మెటలర్జీ చదివి, గాజువాక వైపు ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. లోహాన్ని లాగి, వంచి, విరగ్గొట్టి చూడటమే మా పని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మూలకం సంగతి. ఆవర్తన పట్టికలో 1 నుంచి 118 దాకా ఒక్క గడి కూడా ఖాళీ లేదు. గడి అంటే ప్రోటాన్ల సంఖ్య. 26 ఇనుము, 27 కోబాల్ట్, ఆ రెండింటి మధ్య ఇంకోటి దూరే చోటు లేదు. కొత్తది కావాలంటే 118 దాటాలి. ఆ 118వది, ఓగనెస్సాన్, పుట్టిన మిల్లీసెకనులోపే సగం విచ్ఛిన్నమైపోతుంది. న్యూట్రాన్లు 184 ఉన్నచోట కాస్త ఎక్కువ కాలం నిలిచే కేంద్రకాలు ఉండొచ్చని భౌతిక శాస్త్రవేత్తల అంచనా. సరే, నిలిచిందే అనుకుందాం. దానివల్ల మీ డాలుకు బరువు తప్ప బలం రాదు. పరమాణువుల్ని పట్టి ఉంచేది బయటి ఎలక్ట్రాన్లు, కేంద్రకం బరువు కాదు. మనకు తెలిసిన అతి గట్టి బంధాల్లో ఒకటి ఆరో గడిలో ఉన్న కార్బన్‌ది. 2008లో గ్రాఫీన్‌ను, అంటే ఒక్క పరమాణువు మందమే ఉన్న కార్బన్ పొరను కొలిస్తే 130 గిగాపాస్కల్స్ బలం వచ్చింది. గిగాపాస్కల్ అంటే బలాన్ని కొలిచే ప్రమాణం, వెయ్యి మెగాపాస్కల్స్. భూమ్మీద బొగ్గులోనూ ఉన్న మూలకం అది!

అంటే బలం ఏ పరమాణువన్నదానికన్నా ఎలా పేర్చారన్నదాంట్లోనే ఎక్కువగా ఉంది. దీన్ని రుజువు చేయడానికి ఉల్క అక్కర్లేదు, మన ఇళ్ల స్లాబుల్లో వేసే టీఎంటీ కడ్డీ చాలు. ఒక ముక్క కోసి, కోసిన ముఖాన్ని అద్దంలా పాలిష్ చేసి నైటల్ పూస్తాం. నైటల్ అంటే ఆల్కహాల్‌లో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం. క్షణాల్లో అంచు చుట్టూ నల్లటి ఉంగరం తేలుతుంది, మధ్య భాగం లేత బూడిద రంగులో ఉంటుంది. బయటా లోపలా రసాయన కూర్పు ఒక్కటే. మిల్లులో ఎర్రగా కాలుతున్న కడ్డీ మీద నీళ్లు కొట్టినప్పుడు పై పొర ఒక్కసారిగా చల్లారి గట్టిపడింది, లోపలిది నిదానంగా చల్లారి మెత్తగా, సాగేలా మిగిలింది. ఒకే కడ్డీలో రెండు పదార్థాలు. ఇన్నేళ్లయినా ఆ ఉంగరం తేలినప్పుడు నాకు కలిగే ఆనందం తగ్గలేదు.

ఇంకో సంగతి. లోపాలే లేని ఇనుము ఎంత బలంగా ఉండాలో లెక్కేస్తే పది గిగాపాస్కల్స్ పైనే వస్తుంది. మన కడ్డీ 500 మెగాపాస్కల్స్‌కే సాగడం మొదలుపెడుతుంది. ఇరవై రెట్ల తేడా! కారణాన్ని 1934లో టేలర్, ఒరోవాన్, పోలాని అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారే కనిపెట్టారు. స్ఫటికంలో పరమాణువుల వరుసలు అక్కడక్కడ తప్పి ఉంటాయి. పెద్ద జంపఖానాను మొత్తంగా లాగితే కదలదు గానీ, ఒక ముడత తెచ్చి దాన్ని చివరిదాకా తోస్తే తేలిగ్గా జరుగుతుంది కదా, లోహమూ అలాగే జరుగుతుంది. 1950లలో వెంట్రుక కన్నా సన్నని ఇనుప పోగుల్ని, దాదాపు ఏ లోపమూ లేనివాటిని, లాగి చూస్తే 13 గిగాపాస్కల్స్ దాకా తట్టుకున్నాయి. పోగు లావయ్యేకొద్దీ లోపాలు చేరి బలం పడిపోయింది. మీ డాలు మొత్తం అలాంటి లోపాల్లేని ఇనుమని రాయండి. అది ఇవాళ ఎవరికీ చేతకాని పని, కానీ ప్రకృతి నియమాలకు విరుద్ధం కాదు. మంచి కల్పన అంటే అదే కదా.

అయితే గట్టిదనమూ విరగకపోవడమూ ఒకటి కాదు. సినిమాల్లో ఈ రెంటినీ కలిపేయడం చూస్తే నాకు బాధేస్తుంది. వజ్రాన్ని గీయడం కష్టం, సుత్తితో కొడితే పగులుతుంది. మా ల్యాబ్‌లో చార్పీ పరీక్ష చేస్తాం. 10 మిల్లీమీటర్ల మందం, 55 మిల్లీమీటర్ల పొడవున్న ఉక్కు ముక్కకు చిన్న గాటు పెట్టి, బరువైన లోలకంతో కొడతాం. మామూలు గది ఉష్ణోగ్రతలో పీచుపీచుగా చిరిగే ఉక్కే, సున్నాకు బాగా కిందికి చల్లబరిస్తే గాజులా టప్పున విరుగుతుంది. ఆ విరిగిన ముఖం మెరుస్తుంది కూడా. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ, తుఫానేమీ లేకుండా, కట్టిన చోటే, దాని ఉక్కు ఇలాగే పెళుసుగా పగిలి దాదాపు రెండుగా విరిగింది. అందుకని మీ హీరో అంతరిక్షంలోకి వెళ్లే అధ్యాయంలో చలికి డాలు ఏమవుతుందో తప్పకుండా ఆలోచించండి.

ఇక దెబ్బను మింగడం. ఇది మీరనుకున్నంత వింత కాదు. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్‌ను చూసే ఉంటారు. సబ్‌మెరైన్‌కు శబ్దమే శత్రువు. అందుకే కొన్ని దేశాలు ప్రొపెల్లర్లకు మాంగనీస్, రాగి కలిపిన మిశ్రలోహాలు వాడాయి. కంపనం వచ్చినప్పుడు వాటి స్ఫటికాల లోపలి సరిహద్దులు అటూ ఇటూ జరిగి, ఆ శక్తిని వేడిగా మారుస్తాయి. శక్తి మాయం కాదు, వేడిగానైనా బయటపడాలి. ఏకే-47 తూటా శక్తి సుమారు 2,000 జౌల్స్. రెండు కిలోల ఇనుప డాలు దాన్నంతా మింగితే వేడెక్కేది రెండు డిగ్రీలు, అంతే. అదే కిలో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం శక్తి మొత్తాన్ని మింగితే? దాదాపు 42 లక్షల జౌల్స్. డాలు కరిగి ద్రవమైపోతుంది. మీ కథకు ఇంతకన్నా మంచి పరిమితి దొరకదు. ప్రతి దెబ్బకూ డాలు వేడెక్కుతుంది, పట్టుకున్న చెయ్యి కాలుతుంది, ఇక వదిలేయాలా వద్దా అనేది హీరో తేల్చుకోవాలి. పైగా డాలు విరగకపోయినా దెబ్బ తోపు చేతికి తగిలి తీరుతుంది. లారీ గుద్దితే డాలుకు ఏమీ కాకపోవచ్చు, హీరో భుజం మాత్రం ఊడుతుంది.

ఉల్కను మాత్రం వదులుకోకండి. మీ కథలో నాకు బాగా నచ్చింది అదే. ఇనుప ఉల్కల్లో ఉండేది ఇనుమూ నికెలే. ప్రాచీన ఈజిప్టు రాజు టుటాంకమూన్ సమాధిలోని బాకు అలాంటి ఇనుముతో చేసిందేనని 2016లో ఎక్స్-రే పరీక్షతో తేల్చారు. కానీ ఆ ఇనుము ఏదో ఒక గ్రహశకలం లోపల లక్షల నుంచి కోట్ల ఏళ్లపాటు చల్లారుతూ వస్తుంది. ఉల్క ముక్కను కోసి, మేం వాడే నైటల్‌తోనే తుడిస్తే, ఒకదాన్నొకటి ఖండించే పట్టీల డిజైన్ తేలుతుంది. కొన్నిటిలో టెట్రాటేనైట్ అనే అమరిక ఉంటుంది: ఒక పొర ఇనుము, ఒక పొర నికెల్, మళ్లీ ఇనుము, అలా వరుసగా. మంచి శాశ్వత అయస్కాంతం అవుతుంది. దాన్ని సుమారు 320 డిగ్రీలు దాటేలా వేడి చేస్తే వరుస చెదిరిపోతుంది, తిరిగి అలాగే అమరాలంటే పరమాణువులు కదిలే వేగానికి యుగాలు పడుతుంది.

నేనైతే మీ లోహాన్ని ఇలాగే రాస్తాను. కొత్త మూలకం అనకుండా, మనకు తెలిసిన ఇనుమే మనకు లేనంత కాలంలో అమరిన తీరు అంటాను. అప్పుడు ఇంకో చిక్కు దానంతటదే వస్తుంది. ఉల్క ముక్కను డాలుగా మలచడానికి కొలిమిలో పెట్టినా, గ్యాస్ కట్టర్‌తో కోసినా, వెల్డింగ్ చేసినా దాని గొప్పతనం అక్కడితో పోతుంది. చల్లగా ఉంచి, వజ్రపు పొడి అంటించిన సన్నని తీగతో, నీళ్లు పోస్తూ, నెలల తరబడి కోయాలి. ఆ పనిచేసే మనిషి ఆటోనగర్ షెడ్డులో దొరుకుతాడంటే నేను నమ్ముతాను. ఆ అధ్యాయం రాశాక ఇక్కడే పెట్టండి, చదివి కోత సరిగ్గా కుదిరిందో లేదో చెబుతాను.