ఫెర్గూసన్ కథ రాసిన యువకుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, ఫెర్గూసన్ ఊళ్లో 2014 ఆగస్టులో పోలీసు అధికారి డారెన్ విల్సన్ కాల్చిచంపిన నల్లజాతి యువకుడు మైకేల్ బ్రౌన్ శవం నాలుగు గంటల పాటు నడిరోడ్డు మీద పడి ఉన్న ఘట్టం నన్ను కదిలించింది. కానీ చివరి పేజీలో ‘పన్నెండుమంది జ్యూరర్లూ ఏకగ్రీవంగా ఆ పోలీసు అధికారిని నిర్దోషిగా తేల్చారు’ అని రాశావు. ఆ వాక్యానికి నాకు కోపం వచ్చింది. ఈ ఉత్తరం దాని కోసమే.

ఆ పన్నెండుమందీ గ్రాండ్ జ్యూరీ, అంటే అభియోగం మోపాలా వద్దా అని చూసే మామూలు పౌరుల బృందం. గ్రాండ్ జ్యూరీ ఎవరినీ నిర్దోషిగా తేల్చదు. కేసును విచారణకు పంపడానికి తగిన ఆధారం ఉందా లేదా అన్నంతవరకే దాని పని. అక్కడ నిందితుడి వకీలు వాదించడు, చనిపోయినవాడి తరఫున సాక్షులను నిలదీసేవారూ ఉండరు. ప్రాసిక్యూటర్ ఏది చూపితే అదే సాక్ష్యం. మిస్సోరీలో పన్నెండుమందిలో తొమ్మిదిమంది ఒప్పుకుంటే అభియోగం మోపవచ్చు. విల్సన్ మీద అభియోగం లేదని 2014 నవంబర్ 24 రాత్రి ప్రకటించిన నిర్ణయానికి అర్థం అంతమంది ఒప్పుకోలేదని మాత్రమే. ఎవరు ఎటు ఓటు వేశారో చట్టప్రకారం రహస్యం. మరి ఏకగ్రీవమని నీకెవరు చెప్పారు?

సాక్ష్యం చదవకుండా, సానుభూతి ఒక్కటే పెట్టుబడిగా రాసిన కథ తాను ఎవరి పక్షాన నిలబడిందో వారికే ద్రోహం చేస్తుంది. రాయడం మొదలుపెట్టిన కొత్తలో నేను ఒక లాకప్ మరణం మీది కథ కోసం కోర్టు వరండాల్లో తిరిగి శవపంచనామా నకలు సంపాదించాను. అందులో సాక్షులుగా సంతకం పెట్టిన ఇద్దరూ ఆ రోజు ఊళ్లోనే లేరన్న సంగతి ఆ కథకు ఆయువుపట్టు. ఒక వారపత్రిక సంపాదకుడు సరిగ్గా ఆ పేరానే కొట్టేసి, పాఠకులకు కావలసింది కన్నీళ్లు గానీ కాగితాలు కాదన్నాడు. ఆ జబ్బు మన కథల పోటీలను నేటికీ వదల్లేదు.

ఫెర్గూసన్ కాగితాలను ప్రాసిక్యూటరే బయటపెట్టాడు. చదువు. సెప్టెంబర్ 16న డారెన్ విల్సన్ సాక్ష్యం చెప్పేముందు, పారిపోతున్న నిందితుణ్ణి పట్టుకోవడానికి కాల్పులను విస్తృతంగా అనుమతించే 1979 నాటి రాష్ట్ర చట్టం ప్రతిని జ్యూరర్ల చేతికిచ్చారు. అలాంటి అధికారం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. ఆ పొరపాటును నవంబర్ 21న గానీ దిద్దలేదు. సుప్రీంకోర్టు మాట రాష్ట్ర చట్టాన్ని మించినదా అని ఒక జ్యూరర్ అడిగితే, దాని గురించి మీరు బెంగపడనక్కర్లేదని జవాబు వచ్చింది. ఇంతటి ఘట్టాన్ని వదిలేసి నువ్వు ప్రాసిక్యూటర్ చేత వికటంగా నవ్వించావు.

నీకు నచ్చని సాక్ష్యాన్నీ దాచకు. బ్రౌన్ పడిపోయిన చోటికి సుమారు ఇరవై అడుగుల అవతల అతని నెత్తుటి మరకలున్నాయి. అంటే పారిపోతున్నవాడు వెనక్కి తిరిగి అధికారి వైపు కొంత దూరం వచ్చాడు. లొంగిపోతుండగా కాల్చారన్న సాక్షుల మాటలు నమ్మదగినవిగా లేవని 2015 మార్చిలో ఫెడరల్ న్యాయశాఖ చెప్పింది. అదే రోజున అదే శాఖ, ఫెర్గూసన్ పోలీసులు జరిమానాల రాబడి కోసం నల్లవారిని ఎలా పీడించారో మరో నివేదికలో బయటపెట్టింది. ఈ రెండూ పట్టేంత చోటు నీ కథలో ఉండాలి.

2015 జనవరిలో ఆ జ్యూరర్లలో ఒకరు పేరు వెల్లడించకుండా ఫెడరల్ కోర్టుకెక్కారు. ప్రాసిక్యూటర్ చెప్పిన తీరు జ్యూరర్లందరి అభిప్రాయానికీ అద్దం పట్టలేదనీ, తనను మాట్లాడనివ్వమనీ వారి మొర. నీ కథను ఆ మనిషి వైపు నుంచి మళ్లీ రాసి పంపు.