బొద్దింకలకు స్ప్రే కొట్టడం ఆపు, ముందు ఫ్రిజ్ ఇవతలికి జరుపు

చిన్నీ,

రాత్రి నువ్వు ఫోన్లో ఏడుస్తాంటే నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. బుడ్డోడి పాలసీసా పీక మీద బొద్దింక కూర్చొని ఉండిందంటే ఏ తల్లికైనా కడుపులో తిప్పుతుంది. కానీ ఇల్లు నీట్‌గా పెట్టుకోలేదని నిన్ను నువ్వు తిట్టుకుంటాండావు చూడు, అది మాత్రం మానుకో. కింద టిఫిన్ హోటలు, పైన మీ పోర్షను, అన్ని పోర్షన్లకూ ఒకటే పైపు, అట్లాంటి ఇంట్లో ఎంత తుడిచినా వస్తాయి. ఫోన్లో అన్నీ చెప్పలేక రాస్తాండా, నింపాదిగా చదువుకొని అల్లుడికి కూడా చూపీ.

మొట్టమొదట ఆ స్ప్రే డబ్బా ఎత్తి పైన పెట్టేయ్. కొట్టిన పూట నాలుగు వెల్లకిలా పడతాయి, పని అయిపోయింది అనుకుంటాం, కానీ దాని మీద నేరుగా పడితేనే చస్తుంది, పడనివి ఆ వాసనకు ఇంకా లోపలికి పోతాయి, వంటింట్లో ఉండేవి బెడ్రూంలోకి, బెడ్రూంలోవి బుడ్డోడి బట్టల అల్మారాలోకి చెదిరిపోతాయి. తల్లి చచ్చినా దాని గుడ్ల సంచికి మందు ఎక్కదు. నువ్వు చెప్పిన గుర్తులను బట్టి మీ ఇంట్లోవి చిన్న రకం, గోధుమ రంగు, తల వెనకాల రెండు నల్ల చారలు ఉంటాయి, గోరంతే ఉంటాయి. ఈ రకంలో ఆడది గుడ్ల సంచిని తోకకు అంటించుకొని తిరుగుతుంది, పెసరగింజ కన్నా కొంచెం పొడుగు, చింతగింజ కన్నా లేత రంగు, ఒక్కో సంచిలో ముప్పై నలభై గుడ్లు. దాదాపు పిల్లలు బయటికి వచ్చేదాకా మోస్తానే ఉంటుంది, వదలదు. అందుకే వారం రోజుల్లో పోయేది కాదు ఇది, రెండు నెలల పని అని ముందే మనసులో పెట్టుకో.

మా ఇంటికి ఈ చిన్న రకం ఎట్లొచ్చిందో చెప్తా విను. 2009 అక్టోబర్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది కదా, నువ్వప్పుడు చిన్నదానివి, మా ఇంట్లో నీళ్ళు తీసినాక అంతా బురద, ఫ్రిజ్జు, మిక్సీ, మంచాలు అన్నీ పాయె. మోరీల్లోంచి పెద్ద ఎర్ర బొద్దింకలు వచ్చినాయి కానీ మోరీలు కడిగి, జాలీలు వేసుకున్నాక తగ్గిపోయినాయి. చేతిలో డబ్బుల్లేక సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ ఒకటి కొన్నాం, దాంతోనే ఈ చిన్నవి వచ్చినాయని నాకు సంవత్సరం దాకా తెలియలేదు. ఆ సంవత్సరమంతా నేను నీ మాదిరే వారానికోసారి స్ప్రే కొట్టినా, మీ పెదనాయనకు దగ్గు పట్టుకునింది గానీ బొద్దింకలు తగ్గలేదు. ఒకరోజు ఫ్రిజ్ కూలింగ్ కావడం లేదని మెకానిక్‌ని పిలిస్తే, ఆయన వెనకాల మోటరు మీద ఉండే ప్లాస్టిక్ ట్రే పట్టుకొని లాగినాడు. ఏం చెప్పాలి పాపా, ట్రేలో అడుగున కొంచెం నీళ్ళు, దాని అంచుల చుట్టూ మిరియాలు చల్లినట్టు రెట్ట, అడ్డంగా నిలువుగా వందల కొద్దీ పిల్ల బొద్దింకలు, లైటు పడగానే ఇసుక జారినట్టు కిందికి జారినాయి. మోటరు వేడి, తాగడానికి నీళ్ళు, చీకటి, మూడూ ఒక్క చోటే ఉంటే అవి యాడికి పోతాయి? నేనేమో ఏడాది పొడుగునా సింకు కింద స్ప్రే కొడతా ఉన్నా.

కాబట్టి ముందు వెతుకు. రాత్రి పదకొండుకు లైట్లన్నీ తీసేసి అరగంట ఆగి టార్చితో వంటింట్లోకి పో. యాడినుంచి ఉరుకుతున్నాయో, యాడికి దూరుతున్నాయో చూడు, చంపడానికి పోవద్దు, చూడు అంతే. ఫ్రిజ్ ప్లగ్గు పీకి ఇవతలికి జరిపి ఆ ట్రే చూడు, ఫ్రిజ్ డోరు రబ్బరు మడత తీసి చూడు, మిక్సీ తిరగేసి అడుగు చూడు, అల్మారా తలుపుల కబ్జాల్లో, అదే మడతబందుల్లో చూడు, సిలిండర్ స్టాండు కింద చూడు. నల్ల మిరియాల పొడి మాదిరి ఉంటే అది వాటి రెట్ట, అక్కడే కాపురం ఉన్నట్టు. మీ కడప ఇళ్ళల్లో ఇంకొకటి ఉంది, వంటింటి అరలన్నీ కడప బండలే కదా, బండ గోడలోకి దూరే చోట సన్నటి సందు మిగిలిపోతుంది, అట్టముక్క పట్టేంత సందు చాలు పిల్ల బొద్దింకకు. మాకు ఈడ బేతంచెర్ల బండల మధ్యన గూడా అట్లే ఉండె, వైట్ సిమెంటు కలిపి వేలితో పూసుకుంటా పోయినాం, ఒక ఆదివారం పని. కాకపోతే ఇప్పుడే పూయొద్దు, ముందు మందు తిననీ, తగ్గినాక పూయి.

మందు అంటే జెల్. మెడికల్ షాపులో, సూపర్ మార్కెట్లో దొరుకుతుంది, సిరంజి మాదిరి ఉంటుంది, మీద ఫిప్రోనిల్ అనో ఇమిడాక్లోప్రిడ్ అనో రాసుంటుంది చూసి తెచ్చుకో. వెతికిన చోట్లల్లో కందిబేడలో సగమంత చుక్కలు పెట్టు, ఒకే చోట పెద్ద ముద్ద కాదు, చిన్న చిన్నవి ఎక్కువ చోట్ల. కబ్జా లోపల, ఫ్రిజ్ వెనక ట్రే దగ్గర, బండ అడుగున మూలలో, సింకు కింద పైపు గోడలోకి పోయే చోట. నీళ్ళు పడే చోట, బుడ్డోడి చెయ్యి అందే చోట మాత్రం వద్దే వద్దు, ఇప్పుడు పాకుతున్నాడు, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఇది తిన్న బొద్దింక వెంటనే చావదు, గూట్లోకి పోయి చస్తుంది, దాని రెట్ట, దాని కళేబరం తిని మిగతావి కూడా చస్తాయి, ఈ స్ప్రే చేయలేని పని అదే. జెల్ పెట్టినాక ఆ చుట్టుపక్కల స్ప్రే కొట్టినావంటే మాత్రం అవి జెల్ దగ్గరికే రావు, పెట్టిందంతా దండగ.

మూడు నాలుగు రోజులకు పగటిపూట కూడా తూలుకుంటా బయటికి వస్తాయి, ఎక్కువైనాయని భయపడి నాకు ఫోన్ చెయ్యొద్దు, పని చేస్తోందని అర్థం, పొద్దున్నే కసువుతో పాటు ఊడ్చి పారెయ్. చుక్కలు ఎండిపోతేనో అయిపోతేనో మళ్ళీ పెట్టు, ఎట్లయినా మూడు వారాలకు రెండోసారి పెట్టాల్సిందే, సంచుల్లోంచి అప్పుడు దిగే పిల్లలు తినాలి కదా. జెల్ పెట్టినా ముట్టడం లేదంటే కంపెనీ మార్చి చూడు, కొన్ని బొద్దింకలు తీపి వాసన ఉన్నదాన్ని తినకుండా తప్పించుకుంటాయి.

బోరిక్ పౌడర్ మంచిదే, పిండిలో చక్కెర, ఎర్రగడ్డ రసం కలిపి ఉండలు చేసి అటక మీద పెట్టేదాన్ని. కానీ నీ ఇంట్లో వద్దు, పిల్లోడు కాస్త పెద్దయ్యేదాకా వద్దు. మైదా మాదిరే ఉంటుంది అది, మా ఇంట్లో ఒకసారి పేరు రాయని డబ్బాలో పోసి పెట్టినా, మా తోడికోడలు పూరీ పిండి అనుకొని మూత తీసింది, నేను చూసినా కాబట్టి సరిపోయింది. లక్ష్మణరేఖ చాక్‌పీసు కూడా అంతే, పిల్లలు రాసే బలపం అనుకుంటారు. ఇంకో మాట, మీ ఓనరు ఎరువుల అంగడి నుంచి పత్తి చేలకు కొట్టే మందు తెచ్చి మోరీలో పోస్తానన్నాడన్నావు, ఎంత మర్యాదగా అయినా సరే వద్దని చెప్పు. పొలం మందు పసిపిల్లోడు ఉన్న ఇంట్లోకి రాకూడదు. ఇట్లే ఇళ్ళల్లో వాడుతుండిన డైక్లోర్వాస్ అనే పురుగుమందును 2020 ఆఖరుతో మన దేశంలో పూర్తిగా నిషేధించినారు, అదేమన్నా మిగిలిన సీసా ఉంటే ముట్టుకోవద్దు.

ఇక నీళ్ళు. తిండి లేకపోయినా బొద్దింక నెల దాకా బతుకుతుంది, నీళ్ళు లేకపోతే ఒకటి రెండు వారాలకు మించి బతకలేదు. మనకేమో రోజు మార్చి రోజు నీళ్ళొస్తాయి, డ్రమ్ములు, బిందెలు నింపి పెట్టుకోక తప్పదు, వాటికి మూతలు పెట్టు, బిందెల కింద తడిని పొడి బట్టతో తుడిచి ఆరనీ. పడుకునే ముందు సింకు పొడి గుడ్డతో తుడిచి, జాలీ మీద ప్లేటు బోర్లించు. తుడిచిన తడిబట్ట సింకు మీద వేలాడదీయకుండా బయట తాడు మీద వేయి. సంగటి గిన్నె నానబెట్టి పొద్దున్న తోముదాంలే అనుకుంటాం చూడు, ఆ గిన్నెలో వాటికి తిండీ నీళ్ళూ రెండూ దొరుకుతాయి, ఎంత అలసిపోయినా అది ఒక్కటి రాత్రే తోమెయ్, లేదంటే అల్లుడు తోముతాడు, తప్పేం లేదు. పాలసీసాలు మరగబెట్టి గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టు, గట్టు మీద ఆరబెట్టొద్దు. వాటి రెట్ట దుమ్ము పిల్లల్లో ఆయాసం తెస్తుంది, అందుకే నాకు నీకన్నా ఎక్కువ తొందరగా ఉంది.

బాత్రూం మోరీకి సన్న జాలీ వేయించు, వాషింగ్ మెషిన్ పైపు చుట్టూ ఉన్న ఖాళీ మూయించు, పెద్ద ఎర్రవి అట్లనే వస్తాయి. ఆన్‌లైన్లో వచ్చే అట్టపెట్టెలు, గుడ్ల ట్రేలు, మార్కెట్ నుంచి వచ్చే ఎర్రగడ్డల గోతం ఇంట్లో దాచిపెట్టొద్దు, విప్పి విదిలించి బయటే వదిలెయ్. పక్క పోర్షన్ అక్కతో, కింద హోటల్ వాళ్ళతో తగువుకు పోకుండా మాట్లాడు, ఒకే రోజు ముగ్గురూ జెల్ పెట్టుకోకపోతే ఒక ఇంట్లో తరిమినవి ఇంకో ఇంట్లో చేరతాయి.

శనివారం అల్లుడికి సెలవు కదా, ఆ రోజు ఫ్రిజ్ జరిపి నాకు వీడియో కాల్ చేయండి, ట్రే, కబ్జాలు చూపిస్తే యాడ యాడ పెట్టాలో నేనే చెప్తా. ఆ రోజు బుడ్డోడిని మాత్రం మీ అత్తగారికి అప్పజెప్పు.

పెద్దమ్మ