పొలం అమ్ముకుని వచ్చింది ఇందుకా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. టమాటా వరసగా రెండేళ్ళు పోయి అప్పులైతే పొలం అమ్ముకుని బెంగళూరు వచ్చేశాం. ఇరవై ఏళ్ళుగా కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి జీకేవీకేలో, అంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, బీఎస్సీ అగ్రికల్చర్ రెండో సంవత్సరం. ఈ ఏడు కాలేజీలో కల్చరల్ సెక్రటరీ అయింది. ఎప్పుడు ఫోన్ చేసినా రిహార్సల్ అంటుంది, లేదంటే అక్కడ రైతుల కోసం పెట్టే కృషిమేళాలో డ్యూటీ అంటుంది. మార్కులు కాస్త తగ్గాయి. ఇప్పుడైనా మానిపించి మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్ ఏఐలో చేర్పించమంటారా? రెండూ పోల్చి చెప్పండి. పిల్ల మళ్ళీ మట్టిలో దిగడానికా మేం పొలం అమ్ముకుని వచ్చింది?

జవాబు: పోలిక సంగతి తర్వాత చూద్దాం. మార్కుల గురించి రాశారు, ఏఐ గురించి రాశారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది మీ ఉత్తరంలో ఆఖరి వాక్యమే. ఇలాంటి ఉత్తరం నాకు ఏటా వస్తుంది. ఊరి పేరు మారుతుంది, అంతే. ఏదో పెళ్ళిలో ఎవరో అడుగుతారు, అమ్మాయి ఏం చదువుతోందని. అగ్రికల్చర్ అంటే "ఓహో, వ్యవసాయమా" అంటారు. ఆ "ఓహో" ఇంటిదాకా వెంటొస్తుంది. మర్నాడు నాకు ఉత్తరం.

అయ్యా, చుట్టాల "ఓహో" కోసం పిల్ల రెండేళ్ళ చదువు పారేస్తారా? మీ పొలం మిమ్మల్ని ఏడిపించింది, నిజమే. ఆ కోపం అమ్మాయి మీద చూపిస్తే ఎలా?

మదనపల్లె వాళ్ళు, రాగి సంగటి తిని పెరిగి ఉంటారు. మన రాగిని ఆఫ్రికా రాగితో సంకరం చేసి 'ఇండాఫ్' రకాలు తెచ్చిన లక్ష్మణయ్య గారు కర్ణాటక శాస్త్రవేత్తే. ఆయన్ని 'రాగి లక్ష్మణయ్య' అనే పిలిచేవారు. బెంగళూరు హెబ్బాళలో మైసూరు మహారాణి 30 ఎకరాలిచ్చి 1899లో ప్రయోగక్షేత్రం పెట్టించారు. మీ అమ్మాయి విశ్వవిద్యాలయం మూలాలు అక్కడివి. మీరు చెప్పే మట్టి అదే.

ఇక ఆ సెక్రటరీ పదవి. దాన్ని మీరు డాన్సుల కింద కట్టేశారు. దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి అగ్రియూనిఫెస్ట్ అని ఒక యువజనోత్సవం జరుగుతుంది. 2023లో దానికి ఆతిథ్యమిచ్చింది మీ అమ్మాయి చదివే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమే. సంగీతం, నృత్యం, సాహిత్యం, నాటకం, చిత్రకళ, అన్నిటిలో పోటీలు. జట్టుని కూడగట్టడం, బిల్లులు చూపించి డబ్బు రాబట్టడం, అలిగినవాళ్ళని బతిమాలడం, ఇదంతా ఎవరో ఒకరు చెయ్యాలి కదా. నా దగ్గరికి వచ్చిన ఒక పిల్ల చెప్పింది: హాస్టల్లో ఉగాదికి కన్నడం పిల్లలు బేవు బెల్లం, అంటే వేపా బెల్లమే అన్నారట, మనవాళ్ళు ఆరు రుచుల పచ్చడే ఉండాలన్నారట. రెండు గిన్నెలూ పెట్టించి, ముందు ఏది వడ్డించాలని మళ్ళీ తగువొస్తే తనే నిలబడి వడ్డించిందట.

రెండేళ్ళ కిందట మొక్కలు కొనుక్కుందామని నేను కృషిమేళాకి వెళ్ళాను. రాగి మళ్ళ దగ్గర బాగేపల్లి వైపు పెద్దాయన ఒకరు వెన్ను నలిపి, అరచేతిలో గింజలు ఊది చూసుకుంటున్నారు. బ్యాడ్జీ పెట్టుకున్న అమ్మాయి కన్నడంలో మొదలుపెట్టి, ఆయన మాట విని తెలుగులోకి మారింది. దిగుబడి చెప్పింది, అగ్గితెగులు తట్టుకుంటుందని చెప్పింది. అన్నీ విని ఆయన ఒక్కటే అడిగారు: "గడ్డి ఆవులు తింటాయా?" పాపం, అది ఆమె చదువుకున్న కాగితంలో లేదు. "తెలీదు తాతా, ఉండు, సార్‌ని అడిగొస్తా" అని పరిగెత్తింది. వచ్చి చెప్పింది, ఆయన ఫోన్ నంబరు కూడా రాసుకుంది. రేపు బ్యాంకులో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసరైనా, రైత సంపర్క కేంద్రంలో అధికారైనా, విత్తనాల కంపెనీలో చేరినా, ఎదురుగా కూర్చునేది ఆ తాతే. మీరు విసుక్కుంటున్న కృషిమేళా డ్యూటీ ఇదండీ.

మార్కుల మాట కొట్టిపారెయ్యను. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డులో గ్రేడ్ ఎ అధికారి పరీక్ష డిగ్రీతోనే రాయాలంటే జనరల్ అభ్యర్థులకు 60 శాతం కావాలి. పీజీ సీటుకీ మార్కులు పనికొస్తాయి. కాస్త తగ్గితే మునిగిపోయేదేం లేదు గానీ, హాజరు తగ్గితే, సబ్జెక్టు మిగిలిపోతే ఊరుకోకండి. ఒక చిట్కా చెబుతాను. ఈసారి ఇంటికొచ్చినప్పుడు ప్రాక్టికల్స్ కోసం పట్టిన పురుగుల పెట్టె చూపించమనండి. ఒక్కో పురుగుకీ సూది గుచ్చి, కింద పేరు రాసిన చీటీ ఉండాలి. నాఫ్తలిన్ వాసన గుప్పుమనాలి. పెట్టె నిండుగా ఉంటే మీరు నిశ్చింతగా ఉండొచ్చు. సగం ఖాళీగా ఉంటే అప్పుడు తిట్టండి, నేనూ మీ పక్షమే.

ఏఐ బీటెక్ మీద నాకే అనుమానాలున్నాయి. మొన్నటిదాకా సీఎస్‌ఈ అని ఉన్న బోర్డు మార్చి ఏఐ అని రాసుకున్న కాలేజీలు ఈ ఊళ్ళోనే చూశాను. పాఠం చెప్పేవాళ్ళు వాళ్ళే, ల్యాబు అదే, ఫీజు మాత్రం వేరు. మంచి కాలేజీలు లేవని కాదు. అక్కడ మేనేజ్‌మెంట్ సీటుకి మీరు ఇంకో పొలం అమ్మాలి. ప్రోగ్రాం రాసే పని యంత్రమే చేసిపెడుతున్న రోజుల్లో, నాలుగేళ్ళ తర్వాత ఫ్రెషర్‌కి ఫలానా ఉద్యోగం ఖాయమని గట్టిగా చెప్పేవాడు సీటు అమ్ముకునేవాడొక్కడే. పొలంలో మందు చల్లే డ్రోన్ కోర్సుల మోజూ అంతే. డ్రోన్ దీదీ పథకంలో మహిళలకిచ్చే శిక్షణ మొత్తం 15 రోజులు. ఎగరెయ్యడం పక్షం రోజుల్లో వస్తుంది. ఏ పురుగుకి ఏ మందు, ఎంత మోతాదు అన్నదానికే నాలుగేళ్ళు.

నేనూ ఒకసారి తప్పు చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక అబ్బాయి చేత అగ్రి సీటు వదిలించి మెకానికల్‌లో చేర్పించాను, అప్పుడు అందరూ అదే అనేవారని. బీటెక్ అయ్యాక బ్యాంకు పరీక్షలు రాస్తూ వచ్చి, "సార్, ఫీల్డ్ ఆఫీసర్ పోస్టుకి అగ్రి డిగ్రీ ఉండాలట" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పోల్చమన్నారు కదా. ప్రభుత్వ విశ్వవిద్యాలయం సీటు, రెండేళ్ళు పూర్తి కావస్తున్న చదువు, ఇష్టంగా తిరుగుతున్న పిల్ల ఒకవైపు. అప్పు చేసి మళ్ళీ మొదటి సంవత్సరం ఇంకోవైపు. ఇంతకు మించి పోల్చడానికి నాకేం కనబడలేదు. ఇంకోటి, ఆఖరి ఏడాదిలో పల్లెలో కొన్నాళ్ళు ఉండి చేసే గ్రామీణ అనుభవ శిక్షణ ఉంటుంది. అప్పుడు మళ్ళీ నాకు ఉత్తరం రాయకండి. తోటి పిల్లలు ఉంటారు, మేష్టార్లు వచ్చి చూస్తుంటారు.

ఈ నవంబరులో మేళా పెట్టినప్పుడు ముందుగా చెప్పకుండా వెళ్ళండి. కె.ఆర్.పురం నుంచి హెబ్బాళ మీదుగా ఎంతోసేపు పట్టదు, ట్రాఫిక్ కనికరిస్తే. ఆమె డ్యూటీలో ఉన్నచోట రైతుల వరసలో నిలబడండి. మీ వంతు వచ్చినప్పుడు, ఆ రెండేళ్ళూ మీ టమాటా తోటలో ఆకులు ఎలా మారాయో, కాయ ఎలా పాడైందో చెప్పి, ఏమై ఉంటుందని అడగండి.