గోడ జోలికి పోకుండా హాస్టల్ గదిని మనదిగా చేసుకోవడం

మీ ప్రశ్నను ఇలా అర్థం చేసుకున్నాను: ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం, ఇద్దరుండే హాస్టల్ గది, పదడుగులకు పదడుగుల కొలత, మేకులు కొట్టకూడదు, రంగు వేయకూడదు, చేతిలో రెండు వేలు. గది ఆసుపత్రి వార్డులా ఉందని, అందులో మీ అభిరుచి కనిపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

మాది మచిలీపట్నం దగ్గర పల్లెటూరు. చదువు వరంగల్‌లో. నాలుగేళ్లూ హాస్టల్లోనే గడిచాయి. మా దగ్గర ప్రతి వేసవికీ గది ఖాళీ చేయించి, తరగతులు మొదలయ్యాక మరో గది ఇచ్చేవారు. మీ కాలేజీలోనూ అదే పద్ధతి అయితే, సగం నిర్ణయాలు అక్కడే తేలిపోతాయి. గోడ కాలేజీది, మంచం కాలేజీది, బీరువా కాలేజీది. మనతో వచ్చి మనతో వెళ్లేవి పరుచుకునేవి, వేలాడదీసుకునేవి, వెలిగించుకునేవి మాత్రమే. అందుకని నా సలహా ఒక్కటే: డబ్బు బట్ట మీద, వెలుతురు మీద పెట్టండి. గోడకు పైసా ఖర్చు పెట్టకండి.

హాస్టల్ గోడలకు సాధారణంగా చవక డిస్టెంపరే వేస్తారు. వేలితో రాస్తే పొడి రాలుతుంది. రెండు వైపులా అంటుకునే టేపు దాని మీద రెండు రోజులు నిలవదు. నిలిచిందంటే ఇంకా ప్రమాదం, తీసేటప్పుడు అరచేయంత పెచ్చు ఊడి వస్తుంది. గది అప్పగించేటప్పుడు వార్డెన్ ముందుగా చూసేది ఆ మచ్చలనే, కాషన్ డిపాజిట్‌లో కోత పడేదీ వాటి దగ్గరే. ఆన్‌లైన్‌లో అమ్మే ఇటుక గోడ స్టిక్కర్లు, అట్ట సీతాకోకచిలుకలు కొనవద్దని చెప్పడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. అవి అంటించిన గదులన్నీ ఒకే అంగడిలో కొన్నట్టు కనిపిస్తాయి. మీరు అడిగింది దానికి పూర్తిగా విరుద్ధం కదా.

ముందు వెలుతురు సంగతి చూద్దాం. ఆసుపత్రి అనిపించడానికి అసలు కారణం గోడ రంగు కాదు, నడినెత్తిన వెలిగే ఆ తెల్లటి ట్యూబ్‌లైటు. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు; హాస్టళ్లలో పెట్టే ఎల్ఈడీ ట్యూబులు ఎక్కువగా 6500 కెల్విన్ రకం. అంటే నీలం కలిసిన తెలుపు. మీరు కొనవలసింది ఒక బల్లదీపం, అందులోకి 2700 లేదా 3000 కెల్విన్ అని పెట్టె మీద రాసి ఉన్న 9 వాట్ల బల్బు. పసుపు కలిసిన తెలుపు అది, దుకాణంలో వార్మ్ వైట్ అని అడిగితే ఇస్తారు. ఆ దీపాన్ని బల్ల మూలన పెట్టి, దీపం తలను గోడవైపు తిప్పండి. వెలుతురు గోడకు తగిలి పరుచుకుంటుంది, కళ్లలో పడదు, అవతలి మంచం మీద నిద్రపోతున్నవాళ్లకూ ఇబ్బంది ఉండదు. చదివేటప్పుడు దీపం తలను పుస్తకం మీదికి వంచుకోవచ్చు. రాత్రి తొమ్మిది తర్వాత ట్యూబ్‌లైటు ఆపేసి ఆ దీపం ఒక్కటే వెలిగించి చూడండి, మిగతా ఖర్చంతా అవసరమా అని మీకే అనుమానం వస్తుంది. కెటిల్, హీటరు, ఇస్త్రీపెట్టె వంటివి చాలా హాస్టళ్లలో నిషేధం. దీపానికి అభ్యంతరం చెప్పిన వార్డెన్‌ను నేను చూడలేదు, అయినా ముందుగా ఒక మాట అడగడం మంచిది.

తర్వాత మంచం. ఆరడుగులకు మూడడుగుల మంచాలు రెండు వేస్తే వంద చదరపుటడుగుల గదిలో ముప్పై ఆరు వాటికే పోతాయి. తలుపు తీయగానే కనబడేదీ మంచమే. కాబట్టి గది రంగును నిర్ణయించేది మీ దుప్పటి. నేను పెడన కలంకారీ దుప్పటి వాడాను, మా ఊరికి దగ్గర కాబట్టి. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. బట్టను ముందు కరక్కాయ నీళ్లలో నానబెడతారు, నలుపు కోసం ఇనుప తుప్పును బెల్లం నీళ్లలో ఊరబెడతారు, ఎరుపు రావలసిన చోట పటిక అద్ది ఆ తర్వాత రంగునీళ్లలో ఉడికిస్తారు. కొత్త దుప్పటికి ఒక వాసన ఉంటుంది, రెండు ఉతుకులకు పోతుంది. మొదటిసారి విడిగా ఉతకండి, నీడలో ఆరేయండి. బజారులో కలంకారీ పేరుతో దొరికేవాటిలో చాలా భాగం స్క్రీన్ ప్రింట్లే. చేతి అచ్చుదైతే ఒక అచ్చుకూ పక్క అచ్చుకూ మధ్య అతుకు కొంచెం అటూఇటూ అయి ఉంటుంది, వెనక్కి తిప్పితే రంగు ఆ వైపుకూ దిగి కనిపిస్తుంది. మీది ఏ ప్రాంతమో రాయలేదు. కలంకారీయే కావాలని లేదు, మీ ఇంటి దగ్గర నేసేదో అద్దేదో ఏదైనా తెచ్చుకోండి.

దుప్పటి పరిచే తీరు కూడా ముఖ్యం. ఒంటిమంచం దుప్పటి వెడల్పు సాధారణంగా 60 అంగుళాలు, పరుపు 36. మంచం ఒక పక్క గోడకు ఆనుకుని ఉంటుంది కనుక, ఆ వైపు కొసను కొద్దిగా లోపలికి దూర్చి, మిగిలిందంతా బయటి వైపుకు వదలండి. ఇంచుమించు రెండడుగుల బట్ట కిందికి జారి మంచం కింద ఉన్న పెట్టె, బకెట్టు, పాత చెప్పులు అన్నిటినీ దాచేస్తుంది. చిన్న గది చిందరవందరగా కనిపించేది మంచం కింద సామాను వల్లే. నేలకు నాలుగు వేళ్ల ఎడం ఉంచితే చీపురు కూడా సులువుగా దూరుతుంది.

కిటికీకి నేను అమ్మ పాత మంగళగిరి నూలు చీర వాడాను. చీర పొడవు అయిదున్నర మీటర్లు, వెడల్పు నాలుగడుగుల లోపు. మా కిటికీ వెడల్పు కూడా దాదాపు అంతే. అయిదున్నర అడుగుల చొప్పున రెండు ముక్కలు కోయించి, పైన లంగా బొందు దూర్చడానికి కుట్టినట్టు మడిచి కుట్టించాను. అందులోంచి నూలుతాడు లాగి, కిటికీ చువ్వలకు రెండు వైపులా కట్టేస్తే సరి, మేకు పని లేదు. చీర అంచులు నిలువునా వస్తాయి కనుక రెండు తెరలూ దగ్గరకు లాగితే జరీ అంచు నడిమధ్య పక్కపక్కన చేరుతుంది. డబ్బు పోసి కొన్న కర్టెన్లకు కూడా ఆ అందం రావడం కష్టం. మిగిలిన రెండు మీటర్లలో పమిట ముక్క బల్లమీద గుడ్డ అయింది. ఒక జాగ్రత్త: పలచటి చీర గుండా వచ్చే ఎండ ఆ చీర రంగునే గదంతా పులుముతుంది. ఆకుపచ్చ చీర కడితే పగలంతా మొహాలు పాలిపోయినట్టు ఉంటాయి. పసుపు, గంధం, లేత నారింజ రంగులైతే మంచిది. అమ్మను అడిగే తీసుకోండి. చెప్పకుండా కత్తెర వేశారంటే ఫలితానికి నా పూచీ లేదు.

నేలకు ఒక చిన్న దర్రీ, మా ఇంట్లో జంపఖానా అంటాం. వరంగల్ కొత్తవాడ మగ్గాల దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పలచగా ఉంటుంది, తిరగేసి కూడా వేసుకోవచ్చు, దులిపితే శుభ్రం, వేసవిలో చుట్టి బ్యాగులో పెట్టేయవచ్చు. రెండు మంచాల మధ్య వేస్తే పొద్దున్నే కాలు చల్లటి గచ్చు మీద పడదు. బొచ్చు తివాచీలు మాత్రం వద్దు. హాస్టల్ దుమ్ముకు అవి నెల తిరక్కుండానే రంగు మారతాయి.

గోడకు ఏమీ వద్దన్నాను కానీ, ఫోటోలు పెట్టుకోవద్దనలేదు. మీ బీరువా ఇనుముదైతే అదే మీ గోడ. అయస్కాంతాలు నాలుగు తెచ్చుకుంటే దాని తలుపు మీద ఫోటోలు, టికెట్లు, తమ్ముడు గీసిన బొమ్మ, పరీక్షల పట్టిక అన్నీ నిలబడతాయి. విసుగు పుట్టగానే మార్చుకోవచ్చు. చెక్క అలమర అయితే దాని పైకొస నుంచి కిటికీ చువ్వ దాకా పురికొస లాగి, బట్టలారేసే చిన్న క్లిప్పులతో తగిలించండి. పురికొసను మరీ బిగించకుండా కాస్త వాలుగా వదలండి. ఫ్యాను గాలి తిన్నగా తగిలే చోట మాత్రం కట్టకండి, రాత్రంతా కాగితాల చప్పుడే. ఫోటోలన్నీ ఒకే కొలతలో తీయిస్తే చిందరవందర అనిపించదు. మిగతా గోడలను బోసిగానే వదిలేయండి. చిన్న గదిలో ఒక చోటు నిండుగా ఉండాలంటే పక్కన ఖాళీ ఉండాలి.

బల్ల మీద అలంకారం కోసం విడిగా బొమ్మలు కొనవలసిన పని లేదు, ఎలాగూ వాడే వస్తువునే అందమైనది తెచ్చుకుంటే చాలు. నా దగ్గర ఏటికొప్పాక లక్కపని గిన్నె ఒకటి ఉండేది, మూతతో సహా. అంకుడు చెక్కను తరిణి (లేత్ యంత్రం) మీద తిప్పుతూ లక్క పట్టిస్తారు, ఆ నునుపు వేలికి తెలుస్తుంది. కమ్మలు, తాళంచెవి, చిల్లర అన్నీ అందులోకే. పెన్నులకు ఇంటి నుంచి తెచ్చిన ఇత్తడి గ్లాసు. చేతిలోకి తీసుకునే వస్తువులు ఇలా రెండు మూడు ఉంటే చాలు, గదిలోకి వచ్చినవాళ్లు ఇది ఎక్కడిదని అడుగుతారు.

మొక్క కావాలంటే మనీప్లాంట్ కొమ్మ ఒకటి గాజు సీసాలో పెట్టండి. నీళ్లు మాత్రం వారానికోసారి తప్పకుండా మార్చాలి. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మా ప్రాంగణంలో లాగా కోతులుంటే సీసాను చువ్వల్లోంచి వాటి చేయి అందేంత దూరంలో పెట్టవద్దు.

ఇక మీతో ఉండే రెండో మనిషి. వస్తువులు కొనకముందే మాట్లాడుకోవలసింది ఇక్కడే. మా గదిలో ఆ అమ్మాయికి క్రికెట్ పిచ్చి, ఆమె వైపంతా నీలం. నా వైపు ఎరుపు, గోధుమరంగు. అలా రెండు ముక్కలుగా ఉంటే బాగుండదని ఆమెను మార్చే ప్రయత్నం చేయలేదు. కిటికీ తెర, దర్రీ మాత్రం ఇద్దరమూ ఒప్పుకున్న రంగులో పెట్టుకున్నాం, అవి రెండూ కలిపి కుట్టినట్టు గది కుదిరిపోయింది. ఖర్చు పంచుకుంటే మాత్రం ఏది ఎవరిదో ముందే అనుకోండి. దర్రీ నువ్వు, దీపం నేను అని వస్తువుల లెక్కన పంచుకోవడం మేలు. సగం సగం డబ్బు వేసుకుంటే గది మారేనాడు దర్రీని కోయలేరు కదా.

మీ రెండు వేలలో దుప్పటికి, దర్రీకి కలిపి సగం పైన, దీపానికీ బల్బుకూ ఒక ఆరు వందలు, అయస్కాంతాలకు, క్లిప్పులకు, దర్జీకి మిగిలినది. ఊరిని బట్టి కొంచెం అటూఇటూ కావచ్చు. అన్నీ ఒకేసారి కొనకండి. దీపం ఈ వారమే తెచ్చుకోండి. మిగతావి దసరాకు ఇంటికి వెళ్లి వచ్చాక. అప్పటికి ఎండ ఏ వేళకు ఏ మంచం మీద పడుతుందో, చార్జరు తీగ ఏ మూలకు అందుతుందో మీకు తెలిసి ఉంటుంది. వెళ్లేముందు కిటికీ, పరుపు, బల్ల కొలతలు ఫోనులో రాసుకోండి. కిటికీ ఎత్తుకు పై మడతకూ కింది మడతకూ కలిపి ఒక జానెడు ఎక్కువ వేసుకోండి, ఉతికితే నూలు బట్ట కొంచెం కుంచించుకుపోతుంది.