సమాధానం: బ్లోయర్ వేయగానే స్క్రామ్‌జెట్ నమూనాలో మంట ఆరిపోతోంది

తమ్ముడూ, కావలిలో కాలేజీ ఎగ్జిబిషన్‌కి రేకు గొట్టంతో స్క్రామ్‌జెట్ (లోపల ధ్వనిని మించిన వేగంతో పోయే గాలిలోనే ఇంధనం మండించే ఇంజన్) నమూనా చేశానన్నావు, బ్లోయర్ వేయగానే మంట ఆరిపోతోందన్నావు. ఆరక ఏం చేస్తుంది? గాలి వేగం మంట పాకే వేగాన్ని మించితే మంట నిలవదు. అసలు ఇంజన్‌కీ పెద్ద తలనొప్పి ఇదే. 2016 ఆగస్టు 28న, అప్పటికి మన నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి ఇస్రో చేసిన పరీక్షలో రెండు స్క్రామ్‌జెట్లు మాక్ 6 (ధ్వని వేగానికి ఆరు రెట్లు) దగ్గర మండింది 5 సెకన్లే. అదీ ఘన ఇంధన రాకెట్ మోసుకెళ్లి అంత వేగానికి చేర్చాకే. ఈ ఇంజన్‌కి వేరే కంప్రెసర్ ఉండదు, వేగమే గాలిని నొక్కుతుంది. నీ బ్లోయర్‌తో ఆ ఒత్తిడి ఎట్టా వస్తుంది?

కాబట్టి గ్యాసూ మంటా మానెయ్. గొట్టంలో గ్యాస్ పేరుకుంటే పేలుద్ది కూడా. ఒక పక్క గాజు పలక బిగించి, లోపల వీ ఆకారంలో వంచిన రేకు ముక్కని మొన గాలికి ఎదురుగా పెట్టు. బ్లోయర్ బాగా తగ్గించి అగరబత్తి పొగ వదులు. రేకు వెనకాల పొగ సుడి తిరుగుతూ ఆగుతుంది. రామ్‌జెట్‌లో (గాలిని ధ్వని కన్నా తక్కువ వేగానికి తగ్గించి మండించే ఇట్టాంటి ఇంజన్‌లో) మంటను పట్టి ఉంచేది అట్టాంటి సుడే. స్క్రామ్‌జెట్‌లో అయితే ఆ సుడి కోసం చాలాసార్లు గోడకే గాడి తీస్తారు. గాజుకి ఎదురు పక్క లోపల నల్ల అట్ట పెట్టు, లేకుంటే పొగ కనపడదు.